నలభై దాటిన స్త్రీని తీపి ఎందుకు వదలదు?

“పగలంతా గట్టిగనే ఉంట హకీం సాబ్. రాత్రి పది దాటిందంటే చెయ్యి దానంతటదే బెల్లం డబ్బా మీదికి పోతది. పిల్లలు చూస్తరని లైటు కూడా ఎయ్య.”

ఈ మాటలన్నది షోలాపూర్‌లో బీడీలు చుట్టే ఒక అమ్మ. వయసు 48. తాతల కాలంలో మగ్గం పని వెతుక్కుంటూ తెలంగాణ నుంచి వెళ్లి అక్కడే స్థిరపడిన కుటుంబం. ఆమె వచ్చింది తీపి గురించి కాదు, మోకాళ్ల నొప్పి గురించి. నాడి చూస్తూ ఆకలెలా ఉంది, నిద్రెలా ఉంది అని అడుగుతుంటే కాసేపటికి ఈ సంగతి బయటపడింది. అది కూడా పక్కనున్న కోడలి వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించి, దొంగతనం ఒప్పుకున్నట్టుగా చెప్పింది.

ఆమె భయానికి కారణం ఉంది. వాళ్లమ్మకు షుగర్. ముందు కాలి వేలు తీశారు, ఆ తర్వాత పాదమే తీసేశారు. “నాకూ గట్లనే అయితదా?” అని అడిగింది. పరీక్ష చేయిస్తే, మూడు నెలల సగటు చక్కెరను చెప్పే హెచ్‌బీఏ1సీ 6.2 వచ్చింది. ఇది 5.7 నుంచి 6.4 వరకు ఉంటే జబ్బు గడప బయట నిలబడి ఉన్నట్టు. 6.5కు చేరితే లోపలికి వచ్చినట్టే. మన దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉందని, మరో 13.6 కోట్ల మంది ఆ గడప దగ్గరే ఉన్నారని భారత వైద్య పరిశోధన మండలి సర్వే 2023లో లెక్క చెప్పింది. గడప దగ్గర ఉన్నవాళ్లు వెనక్కి రాగలరు. అందుకే ఈ వయసులో తీపి సంగతి చిన్న విషయం కాదు.

అయితే ఆ అమ్మకు ఇంట్లో అందరూ చెప్పిన వైద్యం ఒక్కటే: “నోరు కట్టుకో.” ఆమె కూడా తప్పంతా తన నోటిదే అనుకుంది. నా దగ్గరికి వచ్చే నలభై, యాభై ఏళ్ల ఆడవాళ్లలో చాలామంది మాట ఇదే. నాకు మాత్రం, తప్పు నోటిది అనుకున్నంత కాలం ఈ తీపి వదలదనిపిస్తుంది. నోరు చివర్లో వస్తుంది. దానికి ముందు నిద్ర, కండ, ఆకలి, మనసు అన్నీ కలిసి ఆ చేతిని డబ్బా వైపు నెడతాయి.

వయసు మారితే మిజాజ్ మారుతుంది

యునానీ వైద్యం మనిషి వయసును నాలుగు దశలుగా చూస్తుంది. ఇబ్న్ సీనా (980–1037) తన ‘అల్ ఖానూన్’లో చెప్పిన లెక్క ప్రకారం సుమారు ముప్పై ఏళ్ల వరకు ఎదుగుదల, ముప్పై అయిదు నలభై వరకు యవ్వనం, అక్కడి నుంచి అరవై వరకు ‘కుహూలత్’, ఆ తర్వాత వృద్ధాప్యం. కుహూలత్ దశలో దేహం మిజాజ్, అంటే స్వభావం, చల్లదనం వైపు, పొడితనం వైపు తిరుగుతుందంటారు. తీపి స్వభావం వేడి. చల్లబడుతున్న ఒళ్లు వేడిని వెతుక్కుంటుంది కాబట్టి తీపి మీదికి మనసు పోతుందని పాత హకీములు వివరించేవారు.

ఇక్కడొక మాట. నెలసరి ఆగిపోయే వయసును అరబ్బీలో, ఉర్దూలో ‘సిన్నె యాస్’ అంటారు. యాస్ అంటే నిరాశ. నిరాశ వయసు! ఈ పేరు పెట్టినవాళ్లు ఆడవాళ్లను అడిగి పెట్టి ఉండరు. నేను రోగుల దగ్గర ఈ మాట వాడను. మన తెలుగులో ‘ముట్లుడగడం’ అనే మాట ఉంది, సూటిగా ఉంది, అది చాలు.

పాత హకీములు మిజాజ్ అన్నదాన్ని నేటి వైద్యం మరో భాషలో చెబుతుంది. మన దేశపు స్త్రీలలో ముట్లుడగడం సగటున 46–47 ఏళ్ల ప్రాంతంలో జరుగుతుంది. దానికి నాలుగైదేళ్ల ముందు నుంచే ఈస్ట్రోజన్ అనే హార్మోను ఒక పద్ధతి లేకుండా పెరుగుతూ తగ్గుతూ, చివరికి బాగా పడిపోతుంది. ఈ హార్మోను గర్భాశయానికే పరిమితం కాదు. ఒంట్లోని కణాలు ఇన్సులిన్ మాట వినడానికి తోడ్పడుతుంది. కొవ్వు ఎక్కడ చేరాలో చెబుతుంది. మెదడులో హాయిని, తృప్తిని కలిగించే రసాయనాల మీద దానికి పట్టుంది. అది తగ్గేసరికి తుంటి దగ్గర ఉండాల్సిన కొవ్వు పొట్టకు చేరుతుంది. కణాలు ఇన్సులిన్ మాటకు మెల్లగా స్పందిస్తాయి. చిన్న విషయానికే చిరాకు, దిగులు వస్తాయి. ఆ దిగులును క్షణంలో కాస్త తేలిక చేసేది, ఇంట్లో చేతికందేది, పైసా ఖర్చు లేకుండా దొరికేది తీపి ముక్కే.

దీనికి తోడు కండ. మనం తిన్న అన్నంలోని చక్కెరలో పెద్ద భాగాన్ని దాచుకునే గోదాము కండే. నలభై దాటాక వాడని కండ ఏటికేడు కరుగుతుంది. గోదాము చిన్నదైతే సరుకు వీధిలో, అంటే రక్తంలో, నిలిచిపోతుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒళ్లో చాట పెట్టుకుని, తునికాకు కత్తిరించి, వెయ్యి బీడీల లెక్క పూర్తి చేసే మనిషి పని చేయడం లేదని ఎవరంటారు? కానీ ఆ పనిలో కదిలేవి వేళ్లే. తొడలు, పిరుదులు, నడుము, పెద్ద కండలన్నీ రోజంతా కదలకుండా ఉంటాయి. ఇళ్లలో కుట్టుమిషన్ తొక్కేవారిది, దుకాణంలో గల్లా దగ్గర కూర్చునేవారిది కూడా కొంచెం అటూ ఇటూగా ఇదే పరిస్థితి.

అసలు దొంగ నిద్రలేమి

ఆ అమ్మను నేను ఎక్కువసేపు అడిగింది నిద్ర గురించే. రాత్రి పదకొండుకు పడుకుంటుంది. ఒంటి గంటకు ఒళ్లంతా మంటెత్తి, చెమట పట్టి లేస్తుంది. చీర కొంగుతో విసురుకుని, నీళ్లు తాగి, మళ్లీ పడుకునేసరికి రెండవుతుంది. నల్లా నీళ్ల కోసం అయిదు గంటలకే లేవాలి. అంటే ముక్కలుగా అయిదు గంటల నిద్ర.

2004లో చికాగో విశ్వవిద్యాలయంలో పన్నెండు మంది ఆరోగ్యవంతులైన యువకుల మీద ఒక పరీక్ష చేశారు. రెండు రాత్రులు నాలుగేసి గంటలే నిద్రపోనిచ్చారు. మరో విడత పదేసి గంటలు పడుకోనిచ్చారు. నిద్ర తగ్గినప్పుడు ‘కడుపు నిండింది’ అని చెప్పే లెప్టిన్ 18 శాతం తగ్గింది. ‘ఆకలేస్తోంది’ అని చెప్పే గ్రెలిన్ 28 శాతం పెరిగింది. ఆకలి పెరగడమే కాదు, వాళ్ల మనసు ఎక్కువగా పోయింది మిఠాయి, ఉప్పుకారాల చిరుతిండి, అన్నం రొట్టె లాంటి పిండి పదార్థాల మీదికి. ఇరవై ఏళ్ల కుర్రాళ్లకు రెండు రాత్రులకే ఇలా అయితే, రెండేళ్లుగా నడిరాత్రి చెమటతో లేస్తున్న 48 ఏళ్ల మనిషికి ఎలా ఉంటుంది? అలాంటి మనిషిని పట్టుకుని నోరు కట్టుకోమంటే ఏం లాభం?

యునానీ గొప్పతనం నాకు ఇక్కడే కనబడుతుంది. ఆరోగ్యాన్ని నిలబెట్టేవి ఆరు అంటుంది ఈ శాస్త్రం. వీటిని ‘అస్బాబె సిత్తా జరూరియ’ అంటారు: గాలి, తిండీ నీరూ, ఒంటి కదలిక, విశ్రాంతి, మనసు కదలిక, విశ్రాంతి, నిద్ర, మెలకువ, ఒంట్లోంచి పోవాల్సినవి పోవడం, ఉండాల్సినవి ఉండడం. ఇందులో తిండి ఒక్కటి మాత్రమే. నిద్రకూ మనసుకూ తిండితో సమానమైన పీట వేశారు. తీపి మీద యావను తిండి ఖాతాలోనే రాసి, మిగతా అయిదు ఖాతాలు తెరవకపోతే లెక్క ఎప్పటికీ తేలదు.

చాయ్ లెక్క, మిగుళ్ల లెక్క

తిండి ఖాతా కూడా చూశాం. పొద్దున చాయ్, అందులో రెండు చెంచాల చక్కెర. పదింటికి ఇంకో చాయ్. పొద్దుటి తిండి ఉండదు, “ఇంట్ల అందరు తిన్నంక ఏమన్న ఉంటే” తింటుంది. మూడింటికి చాయ్, ఆరింటికి చాయ్. నాలుగు చాయ్‌లకు ఎనిమిది చెంచాలు, అంటే 32 గ్రాములకు తక్కువ కాదు. విడిగా కలుపుకునే చక్కెర రోజుకు సుమారు 25 గ్రాములు దాటకపోతే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. ఆమె బెల్లం డబ్బా మూత తీయకముందే ఆ హద్దు దాటిపోతోంది.

ఇంకో సంగతి ఏమిటంటే, ఖాళీ కడుపున తీపి చాయ్ పడగానే రక్తంలో చక్కెర గబుక్కున లేస్తుంది. దాన్ని దించడానికి ఇన్సులిన్ వస్తుంది. రెండు మూడు గంటల్లో చక్కెర కిందికి పడుతుంది. అప్పుడు వణుకు, నీరసం, మళ్లీ తీపి. పగలంతా ఇలా మోసుకొచ్చిన ఆకలి రాత్రి పదింటికి ఒక్కసారిగా తిరగబడుతుంది. పగలు తిననిది రాత్రి వసూలు చేసుకుంటుందన్నమాట.

మన ఇళ్లలో మిగిలింది ఆడవాళ్లు తినడం ఒక ఆచారమైపోయింది. షోలాపూర్‌లో పూరణ్‌పోళీ, హోసూరు, కోలారుల్లో ఒబ్బట్టు, బరంపురంలో రసగుల్లా, యానాంలో గోదావరి దాటొచ్చిన పూతరేకులు, పేరేదైనా పారేయడం ఎందుకని చివరి ముక్క అమ్మ నోట్లోకే పోతుంది. అది యావ కూడా కాదు, పొదుపు.

ముందు చేసినవి

ఆమెకు మొదటి నెల నేను తీపి మానమని చెప్పలేదు. చెప్పినవి మూడే.

మొదటిది పొద్దుటి తిండి. ఎనిమిదిన్నరలోపు, అందరితో పాటు, కడుపు నిలబెట్టేది తినాలి. షోలాపూర్‌లో జొన్నరొట్టె, శేంగా చట్నీ ప్రతి ఇంట్లో ఉండేవే. దానితో ఒక గుడ్డో, గిన్నెడు పెసరపప్పో ఉంటే మధ్యాహ్నం వరకు ఆకలి అల్లరి చేయదు. కర్ణాటక వారికి రాగి ముద్ద, ఉలవ చారు. తమిళనాడు వారికి సాయంత్రం పూట శనగల సుండల్. ఒడిశా వారికి ఘుగ్నీ. యానాం వారికి చేపల సంగతి నేను చెప్పనక్కర్లేదు. మాంసకృత్తులున్న తిండి ముందు కడుపులో పడితే తీపి మీద దాడి సగం తగ్గుతుంది.

రెండోది నిద్ర. సాయంత్రం ఆరింటి చాయ్ తీసేశాం. రాత్రి భోజనం ఎనిమిదింటిలోపు, కారం మసాలా తగ్గించి. పడుకునే ముందు అరికాళ్లకు నువ్వుల నూనె మర్దన, దీన్ని మేము ‘దల్క్’ అంటాం. తలకు ‘రోగనె కాహూ’ నాలుగు చుక్కలు. నూలు దుప్పటి, కిటికీ తెరిచిన గది. నల్లా నీళ్లకు రోజు విడిచి రోజు కొడుకు లేవాలని చెప్పాను. మందుల చీటీ మీద ఇది కూడా రాశాను. కోడలు నవ్వింది కానీ, ఆ చీటీ ఇంట్లో పనిచేసింది. ఇంత చేసినా రాత్రి మంటలు, చెమటలు తగ్గకుండా వేధిస్తుంటే స్త్రీవైద్యురాలి దగ్గరకు వెళ్లాలి. వాటికి అల్లోపతిలో మంచి మందులున్నాయి. యునానీ చూపించుకుంటున్నాం కదా అని ఆగిపోకండి.

మూడోది కండ. అన్నం తిన్నాక పది పదిహేను నిమిషాల నడక. భోజనం తర్వాతి నడక రక్తంలో చక్కెరను దించినంతగా పొద్దుటి నడక దించదు. బీడీల చాట దగ్గర గంటకోసారి లేవాలి. మోకాళ్లు ఒప్పుకున్నంత మేర, ఎత్తుగా ఉన్న కుర్చీ మీద నుంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవాలి. అయిదుసార్లతో మొదలుపెట్టి పదికి వచ్చింది. మోకాళ్ల నొప్పికి కూడా ఇదే మేలు చేసింది.

రెండో నెలలో చాయ్‌లో రెండు చెంచాలు ఒకటిన్నర అయింది, తర్వాత ఒకటి. నాలుక మెల్లగానే మారుతుంది. ఒక్కరోజులో మానితే మూడో రోజున రెట్టింపు తింటారు, ఇది నేను చాలాసార్లు చూశాను. బెల్లాన్ని దాచిపెట్టి చీకట్లో తినడం మాని, మధ్యాహ్నం భోజనం చివర, అందరి ముందు, ఒక చిన్న ముక్క తినమన్నాను. కడుపు నిండాక తిన్న తీపి ఖాళీ కడుపున తిన్నంత చెరుపు చేయదు. పైగా దొంగతనం పోయాక దాని మీద మోజు కూడా కొంత పోతుంది.

నాలుగు నెలలకు పరీక్ష 5.9 చూపించింది. మధ్యలో ఒక పెళ్లి వచ్చింది, ఆ వారం అంతా తప్పింది. తప్పిందని ఏడ్చింది కూడా. మళ్లీ పొద్దుటి తిండితో మొదలుపెట్టింది.

గుడ్‌మార్ ఆకు, మందుల్లోని చక్కెర

“మందు లేదా?” అని అడుగుతారు. ఉంది, కానీ జాగ్రత్తతో. మన అడవుల్లో పెరిగే పొడపత్రి తీగను యునానీలో గుడ్‌మార్ బూటీ అంటారు. తమిళులు శిరుకురింజాన్, కన్నడిగులు మధునాశిని అంటారు. గుడ్‌మార్ అంటేనే బెల్లాన్ని చంపేది. పచ్చి ఆకు ఒకటి నమిలి, తర్వాత చక్కెర నోట్లో వేసుకుని చూడండి, ఇసుక నమిలినట్టుంటుంది. ఆకులోని జిమ్నెమిక్ ఆమ్లాలు నాలుక మీద తీపిని పట్టే చోట్లను కాసేపు మూసేస్తాయి. కొద్దిసేపటికి రుచి తిరిగి వస్తుంది. తీపి కోసం ప్రాణం లాగే ఆ పావుగంటను దాటించడానికి ఇది కొందరికి పనికొస్తుంది. కానీ షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు దీని పొడిని సొంతంగా వాడితే చక్కెర మరీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. హకీంకు, మీ డాక్టరుకు ఇద్దరికీ చెప్పి వాడండి.

ఆకు దొరకని వారికి సోంపు, ఏలకులు నమలడం, దాల్చినచెక్క వేసి కాచిన చక్కెర లేని కషాయం ఉన్నాయి. ఇవి జబ్బును నయం చేయవు, నోటికి వేరే పని కల్పిస్తాయి.

ఇప్పుడు మా వాళ్లకు నచ్చని మాట ఒకటి. యునానీ దుకాణంలో దొరికే ఖమీరా, మాజూన్, జవారిష్, షర్బత్‌లలో చాలావరకు చక్కెర పాకంలోనో, తేనెలోనో చేసినవే. గుండె దడకు, దిగులుకు అని ఖమీరా డబ్బా కొనుక్కుని రోజూ రెండు చెంచాలు నాకే ఆడవాళ్లను చూశాను. షుగర్ గడప దగ్గర ఉన్నవారు వీటిని అడగకుండా కొనకూడదు. అదే పనికి ఖుర్స్ (మాత్ర), సఫూఫ్ (చూర్ణం), జోషాందా (కషాయం) రూపంలో మందులుంటాయి. హకీంను నోరు తెరిచి అడగండి: “ఇందులో చక్కెర ఎంత?”

బెల్లం, తేనె మంచివనే భ్రమ కూడా వదలాలి. బెల్లంలో, తేనెలో నూటికి సుమారు ఎనభై పాళ్లు చక్కెరలే. రంగు వేరు, రక్తంలో చేసే పని అదే. పోనీ చక్కెర లేని తీపి బిళ్లలు వాడదామా అంటే, బరువు తగ్గడానికి వాటిని నమ్ముకోవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూచించింది. అవి నాలుకకు తీపి అలవాటును అలాగే ఉంచుతాయన్నది నా అనుభవం.

ఎప్పుడు ఆలస్యం చేయకూడదు

నలభై దాటి, నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లు మించి ఉంటే, లేదా అమ్మకో నాన్నకో షుగర్ ఉంటే, ఏడాదికోసారి పరగడుపు చక్కెర, హెచ్‌బీఏ1సీ చూపించుకోండి. పరగడుపున 100 లోపు ఉండాలి. 126, ఆపైన వస్తే మరోసారి చూపించి మందు మొదలుపెట్టాలి. మెడ మీద చర్మం నల్లగా మందంగా మారడం, రాత్రి పదేపదే మూత్రానికి లేవడం, పుండు మానకపోవడం కనిపిస్తే ఏడాది ఆగవద్దు. తీపి యావతో పాటు విపరీతమైన నీరసం, ఆయాసం ఉంటే హిమోగ్లోబిన్, థైరాయిడ్ కూడా చూడాలి. ముట్లుడిగే ముందు రక్తస్రావం ఎక్కువై రక్తం తగ్గిన ఆడవాళ్లు ఆ నీరసాన్ని తీపి చాయ్‌తో నెట్టుకొస్తుంటారు. వాళ్లకు కావలసింది ఐరన్.

యునానీ వైద్యం కోసం బెంగళూరులో జాతీయ యునానీ వైద్య సంస్థ, చెన్నైలో రాయపురం దగ్గర, ఒడిశాలో భద్రక్‌లో, ముంబయిలో కేంద్ర యునానీ పరిశోధన మండలి ప్రాంతీయ సంస్థలు ఉన్నాయి. యానాం వారికి ఇవేవీ దగ్గర కాదు. పరీక్షలు మాత్రం ఊళ్లోనే ప్రభుత్వ ఆసుపత్రిలో చేయించుకోవచ్చు. వెళ్లేటప్పుడు పాత రిపోర్టులు, ఇప్పుడు వాడుతున్న మాత్రల పట్టీలు వెంట తీసుకెళ్లండి. రాత్రి ఎన్ని గంటలకు మెలకువ వస్తోందో వారం పాటు ఒక కాగితం మీద రాసి, అది కూడా చూపించండి.